రాత్రి రెండింటికే కాలు ఎందుకు బిగుసుకుంటుంది?

"మా వదినెకు హైదరాబాద్‌ల ఎం.ఎస్. అని చెప్పిన్రు. పగటిపూట కట్టె పట్టుకొని నడుస్తది. రాత్రి రెండు గొట్టంగనే కాళ్ళు రెండూ చాపుకొని బిగుసుకపోతయ్. గోలి ఏస్తే పొద్దుగాల లేవలేదు. ఏయకుంటే రాత్రంత నిద్ర లేదు. ఏం జేయాలె?"

నిజామాబాద్ జిల్లాలో ముప్కాల్, బాల్కొండ, ఆర్మూర్ వైపు ఇళ్ళలో ఈ జబ్బు మనిషి ఉంటే ప్రశ్న కాస్త అటూ ఇటూగా ఇలాగే ఉంటుంది. వినగానే రెండు బాధలు కనిపిస్తాయి. ఒకటి జబ్బు పెట్టేది, రెండోది మందు పెట్టేది. ఈ రెండింటినీ కలిపి చూస్తే దారి దొరుకుతుందని, విడివిడిగా చూస్తే మందు పెంచడం, తగ్గించడం తప్ప ఇంకేమీ మిగలదని నా అభిప్రాయం. గోలి ఎంత వేయాలన్నది అందరూ అడుగుతారు. ఎన్ని గంటలకు వేయాలి, వేసేముందు ఒంట్లో ఏం చూసుకోవాలి అన్నవి అడిగేవాళ్ళు తక్కువ. రాత్రిని మార్చేవి ఎక్కువగా ఆ రెండే.

ఎం.ఎస్. అంటే మల్టిపుల్ స్క్లిరోసిస్. మంగళూరులో లేఖా పండిట్ బృందం 2014లో ప్రచురించిన లెక్కలో లక్ష మందికి సుమారు ఎనిమిది మందికి ఈ జబ్బు కనిపించింది. ఆ లెక్కన ముప్కాల్ లాంటి మండలంలో ఇద్దరు ముగ్గురు ఉండొచ్చు. ఊళ్ళో సూది వేసే ఆర్‌.ఎం.పి. తన జీవితంలో ఒక్క రోగినీ చూసి ఉండకపోవచ్చు. నరాల డాక్టరు నిజామాబాద్‌లోనో, హైదరాబాద్ నిమ్స్‌లోనో, మూడు నెలలకోసారి కనిపిస్తాడు. మధ్యలో ఉన్న తొంభై రాత్రులూ ఇంట్లోవాళ్ళవే. అందుకే ఈ వివరం వాళ్ళ కోసం.

కాలు తనంతట తాను ఎందుకు బిగుస్తుంది?

మన ప్రతి కండరానికీ ఒక సొంత బిగువు ఉంటుంది. కండరాన్ని ఎవరైనా లాగితే అది వెంటనే ముడుచుకోబోతుంది. డాక్టరు మోకాలి కింద చిన్న సుత్తితో కొడితే కాలు ఎగిరేది అందుకే. ఈ స్పందన వెన్నుపాములోనే పుడుతుంది, మెదడు దాకా వెళ్ళి రానక్కర లేదు. కానీ అది అతిగా పోకుండా మెదడు నుంచి దిగే నరాల దారులు పగ్గం పట్టుకుని ఉంటాయి. ఎం.ఎస్.లో మన రోగనిరోధక కణాలే పొరపాటున నరాల మీది మైలిన్ పొరను తినేస్తాయి. మచ్చలు మెదడులోనో వెన్నుపాములోనో పడతాయి. ఆ దిగుదారుల మీద మచ్చ పడితే పగ్గం సడలుతుంది. ఆ తర్వాత చిన్నపాటి తాకిడికి కూడా కండరం పెద్ద జవాబు ఇస్తుంది. దుప్పటి అరికాలికి తగలడం చాలు, మడమ లాక్కుపోతుంది.

దీన్ని స్పాస్టిసిటీ అంటారు. ఎప్పుడూ ఉండే బిగువు ఒకటి, ఉన్నట్టుండి వచ్చి కాలును విసిరేసే పట్టు ఇంకొకటి. రెండూ కలిసే ఉంటాయి. ఉత్తర అమెరికాలో ఇరవై వేల మందికి పైగా ఎం.ఎస్. రోగుల నమోదు పట్టికను చూసి 2004లో వెలువరించిన లెక్కలో 84 శాతం మంది ఎంతో కొంత బిగువు ఉందన్నారు. మూడో వంతు మందికి అది రోజువారీ పనికి అడ్డం వచ్చేంత ఉంది. అంటే ఈ వదినె ఒంట్లో వింతేమీ జరగడం లేదు. ఎవరి చూపో తగిలి రాలేదు, వాతం చేసి రాలేదు, నరాల బలహీనతా కాదు. "నరాల బలం" అని వారానికోసారి వేయించే బీ12 సూది, రక్తంలో ఆ విటమిన్ తక్కువ ఉంటేనే పనికొస్తుంది. ఎం.ఎస్. మచ్చను అది పూడ్చలేదు.

అయితే రాత్రే ఎందుకు?

దీనికి ఒక్క కారణం లేదు, నాలుగైదు కలిసి వస్తాయి. పగలంతా ఎంతో కొంత కదులుతూ ఉంటాం. కూచోవడం, లేవడం, గోడ పట్టుకుని వాకిట్లోకి పోవడం, అన్నీ కండరాన్ని సాగదీస్తూనే ఉంటాయి. పడుకున్నాక ఆ సాగదీత ఆగిపోతుంది. వెల్లకిలా పడుకుంటే కాళ్ళు చాపే కండరాలకు బిగువు ఇంకా ఎక్కువవుతుంది. రాత్రంతా మూత్రాశయం నిండుతూ వస్తుంది. నిండిన మూత్రాశయం వెన్నుపాముకు సందేశాలు పంపుతూనే ఉంటుంది, పగ్గం లేని వెన్నుపాము వాటికి కాళ్ళతో జవాబిస్తుంది.

ఇక అసలైన సంగతి మందు గడియారంలో ఉంది. బిగువుకు ఎక్కువగా ఇచ్చే బాక్లోఫెన్ గోలి మింగిన రెండు మూడు గంటల్లో రక్తంలో అత్యధిక స్థాయికి చేరుతుంది. ఆ తర్వాత మూడు నాలుగు గంటలకు సగమవుతుంది. బిగువుకే ఇచ్చే ఇంకో గోలి టిజానిడిన్ ఇంకా తొందర మనిషి. గంటా రెండు గంటల్లో ఎక్కి, మూడు నుంచి ఆరు గంటల్లో దిగిపోతుంది. మన ఊళ్ళలో ఏడున్నరకో ఎనిమిదికో అన్నం తిని, తిన్న వెంటనే అన్ని గోలీలూ కలిపి మింగుతారు. తొమ్మిదింటికి పక్క మీద చేరేసరికి మందు మంచి ఊపు మీద ఉంటుంది, నిద్ర పడుతుంది. రెండింటికి అది పలచబడుతుంది, అప్పటికి మూత్రాశయం నిండి ఉంటుంది, కాళ్ళు ఐదు గంటలుగా కదలక ఉంటాయి. మూడూ ఒకే వేళకు కలుస్తాయి. రెండింటికే ఎందుకన్న ప్రశ్నకు ఇదే జవాబు.

కాబట్టి డాక్టరును అడగాల్సిన మొదటి మాట, "రాత్రి మోతాదు భోజనం తర్వాత కాకుండా పక్క ఎక్కబోయే ముందు వేయొచ్చా" అన్నది. చాలామందికి మోతాదు పెంచకుండానే తేడా కనిపించే మార్పు ఇది. పొద్దున మోతాదు కాస్త తగ్గించి రాత్రిది పెంచడం, నడిరాత్రి మెలకువ వచ్చినప్పుడు చిన్న మోతాదు ఉంచుకోవడం వంటి ఏర్పాట్లూ డాక్టర్లు చేస్తారు. వాళ్ళకు మన భోజనం వేళ తెలియదు. చెప్పాలి.

మందు పెంచే ముందు ఇంట్లోనే ఏం చూడాలి?

ఇక్కడ నేను కొంచెం ఎక్కువసేపు నిలబడతాను, ఎందుకంటే చాలా ఇళ్ళలో దీన్ని దాటేసి నేరుగా గోలికి పోతారు. వారం కిందటి దాకా ఓ మోస్తరుగా ఉన్న కాళ్ళు ఉన్నట్టుండి రాత్రిళ్ళు విజృంభిస్తే, జబ్బు ముదిరిందని అనుకునే ముందు ఒళ్ళంతా ఒకసారి వెతకాలి. స్పర్శ తగ్గిన ఒళ్ళు నొప్పిని నొప్పిగా చెప్పలేదు. కాళ్ళ బిగువుతో చెబుతుంది.

మొదట మూత్రం. ఎం.ఎస్.లో మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాకపోవడం మామూలు. మిగిలిపోయిన మూత్రంలో ఇన్ఫెక్షన్ పుడుతుంది. మంట ఉండకపోవచ్చు, జ్వరమూ ఉండకపోవచ్చు. వాసన మారడం, మసకగా రావడం, రాత్రి పట్లు రెట్టింపవడం, ఇంతే కనిపించొచ్చు. మూత్ర పరీక్షకు ఆర్మూర్ దాటిపోనక్కర లేదు. రాత్రి లేవాల్సి వస్తుందని సాయంత్రం నుంచే నీళ్ళు మానేసే ఆడవాళ్ళు ఎందరో. బాత్రూమ్ ఇంటి వెనక ఉండి, తోడు లేపాల్సి వస్తే మానేయక ఏం చేస్తారు? కానీ చిక్కబడ్డ మూత్రం ఇన్ఫెక్షన్‌ను పిలుస్తుంది, మూత్రాశయాన్నీ రేపుతుంది. పగలు బాగా తాగి, పడుకునే ముందు రెండు గంటలు మాత్రం తగ్గించడం మేలు. మంచం పక్కన ఒక కమోడ్ కుర్చీ పెట్టడం సిగ్గుపడే విషయం కాదు. ఆ కుర్చీ వల్ల కొందరు ఒక గోలి తగ్గించుకోగలుగుతారు.

తర్వాత మలబద్ధకం. కదలిక తక్కువ, నీళ్ళు తక్కువ, పైగా మూత్రం ఆపుకోలేనితనానికి ఇచ్చే ఆక్సీబ్యూటినిన్ వంటి గోలీలు పేగులను మందగింపజేస్తాయి. పేగు నిండితే కాళ్ళు బిగుస్తాయి. కాళ్ళు బిగిస్తే బాక్లోఫెన్ పెంచుతారు, దానివల్ల కూడా కొందరికి మలబద్ధకం పెరుగుతుంది. ఒక మందు చేసిన పనికి ఇంకో మందు, దానికి మరొకటి. ఈ గొలుసును జొన్న రొట్టె, ఆకుకూర, తగినన్ని నీళ్ళు, అవసరమైతే ఇసబ్‌గోల్‌తో తెంచొచ్చు. అందులో ఖర్చు పెద్దగా లేదు.

ఆ తర్వాత చర్మం. పిరుదుల మీద, మడమల మీద ఎర్రగా కందిన చోటు ఉందేమో, కాలి బొటనవేలి గోరు లోపలికి పెరిగిందేమో, లోపలి బట్ట నాడా బిగిసి ఉందేమో చూడాలి. ఇంత చిన్నవాటికా అనిపిస్తుంది. ఆ కాళ్ళకు అవి చిన్నవి కావు.

చివరికి వేడి. శ్రమపడ్డాక ఎం.ఎస్. రోగి చూపు తాత్కాలికంగా మసకబారుతుందని జర్మన్ కంటి వైద్యుడు విల్‌హెల్మ్ ఊథోఫ్ 1890లోనే రాశాడు. అసలు కారణం ఒళ్ళు వేడెక్కడమని తర్వాత తేలింది. మైలిన్ పోయిన నరంలో సందేశం ఎలాగో ఒకలా దాటుతూ ఉంటుంది. ఒళ్ళు అర డిగ్రీ వేడెక్కినా అది తప్పిపోతుంది. నిజామాబాద్ ఎండాకాలం సంగతి మనకు తెలుసు. అంతకుముందే, జనవరి నుంచి పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఎండబోసే పని ఉంటుంది. పసుపు ఉడికే చోట ఆవిరి దగ్గర మధ్యాహ్నమంతా నిలబడిన రోగికి ఆ సాయంత్రం కాళ్ళు తేలిపోవడం, రాత్రి బిగుసుకోవడం జబ్బు కొత్తగా తిరగబడినట్టు కాకపోవచ్చు. చల్లబడి విశ్రాంతి తీసుకుంటే తగ్గుతుంది. తగ్గకుండా ఒక రోజు దాటితే, కొత్తగా చూపు మసకబారడమో చెయ్యి పడిపోవడమో ఉంటే అది వేరే సంగతి, వెంటనే డాక్టరుకు చెప్పాలి. కొందరికి తిరకాసుగా, డిసెంబరు తెల్లవారుజాము చలికి బిగువు పెరుగుతుంది. వాళ్ళకు పల్చని సాక్సులు, గది కాస్త వెచ్చగా ఉండటం చాలు. వేడి నీళ్ళ సంచీతో కాపడం పెట్టేటప్పుడు జాగ్రత్త. స్పర్శ లేని కాలు కాలుతున్నా చెప్పదు.

"గోలి ఏస్తే పొద్దుగాల లేవలేదు": ఎందుకు?

బాక్లోఫెన్‌ను 1962లో సీబా కంపెనీలో మొదట మూర్ఛకు మందుగా తయారు చేశారు. మూర్ఛకు పెద్దగా పనిచేయలేదు, బిగువుకు పనిచేసింది. వెన్నుపాములో శాంతపరిచే గాబా అనే రసాయనం చేసే పనిని ఇది కొంతవరకు చేస్తుంది. కానీ గోలి వెన్నుపాముకే పోదు, మెదడుకూ పోతుంది. అక్కడ అది మత్తు, తల తిరగడం, మతిమరుపు తెస్తుంది. అందుకే 5 మి.గ్రా.తో మొదలుపెట్టి కొద్ది రోజులకోసారి మెల్లగా పెంచుతారు. సాధారణంగా రోజుకు 80 మి.గ్రా. దాటించరు. మెల్లగా పెంచితే ఒళ్ళు మత్తుకు అలవాటు పడుతుంది. ఒకేసారి పెంచితే పొద్దున లేవలేరు.

"లేవలేదు" అన్న మాటలో ఇంకో సంగతి దాగి ఉంది. మత్తు వల్ల లేవలేదా, కాళ్ళలో సత్తువ లేక లేవలేదా? ఈ రెండూ వేరు. ఎం.ఎస్.లో కండరం లోపల బలహీనంగా ఉండి పైకి బిగుసుకుని ఉంటుంది. చాలామంది ఆ బిగువు మీదే నిలబడతారు, నడుస్తారు. మందు బిగువును పూర్తిగా తీసేస్తే దాచిన బలహీనత బయటపడి మోకాలు మడతపడుతుంది. కాబట్టి బిగువును సున్నా చేయడం లక్ష్యం కాకూడదు. రాత్రి నిద్రపోయేంత, పొద్దున నిలబడేంత ఉండాలి. డాక్టరుకు "గోలి పడలేదు" అని చెబితే మందు మార్చేస్తారు. "పదింటి దాకా మత్తు" అనో, "మత్తు లేదు, కాళ్ళు మడతపడుతున్నాయి" అనో చెబితే మోతాదు సర్దుతారు.

బాక్లోఫెన్‌లో చాలా భాగం కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది. షుగర్, బీపీ వల్ల కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళకు మామూలు మోతాదు కూడా ఎక్కువై అయోమయం, గాఢమైన మగత తేవచ్చు. ఇంట్లో పెద్దవాళ్ళకు క్రియాటినిన్ పరీక్ష చేయించకుండా ఈ మందు మొదలుపెట్టకూడదు.

టిజానిడిన్ వేరే దారిలో పనిచేస్తుంది. కాళ్ళ బలాన్ని తక్కువగా తీస్తుందని కొందరు డాక్టర్లు ఇష్టపడతారు. నోరు ఎండుతుంది, మగత వస్తుంది, బీపీ పడుతుంది. రాత్రి మూత్రానికి లేచి గబుక్కున నడిస్తే కళ్ళు తిరిగి పడిపోతారు. మంచం అంచున కాళ్ళు వేలాడేసి రెండు నిమిషాలు కూచుని లేవాలి. కాలేయం మీద ప్రభావం ఉంటుంది కనుక మొదలుపెట్టే ముందు, ఆ తర్వాతా లివర్ పరీక్ష చేయించాలి. మెడికల్ షాపులో నడుము నొప్పికి ఇచ్చే జంట గోలీల్లో డైక్లోఫెనాక్‌తోనో అసిక్లోఫెనాక్‌తోనో కలిపి టిజానిడిన్ ఉన్నవి చాలా ఉన్నాయి. తెలియకుండా అదే మందు రెండుసార్లు పడే ప్రమాదం అక్కడుంది. రేకు వెనక పేరు చదివించుకోవాలి.

గాబాపెంటిన్ కొంచెం ఎక్కువసేపు ఉంటుంది. రాత్రి పట్లతో పాటు మంటలు, పోట్లు ఉన్నవాళ్ళకు నయం. బరువు పెరగడం, పాదాలు వాయడం, మగత దాని వెంట వస్తాయి. క్లోనజెపామ్, డయజెపామ్ రాత్రిపూట బాగా పనిచేస్తాయి, అందుకే ప్రమాదం కూడా. ఒంటికి త్వరగా అలవాటవుతాయి, మర్నాటి దాకా మత్తు మిగులుతుంది. ఈ మందుల్లో ఏది పడినా, మోతాదు కుదిరేదాకా ట్రాక్టరు నడపడం, పసుపు పాలిష్ డ్రమ్ము దగ్గర పనిచేయడం మానుకోవాలి.

గోలీలు అయిపోయాయి, ఆదివారం షాపు లేదు. రెండు రోజులు ఆపితే ఏమవుతుంది?

ఈ ఒక్కటీ గట్టిగా చెప్పాలి. నెలలుగా వేసుకుంటున్న బాక్లోఫెన్‌ను ఒక్కసారిగా ఆపకూడదు. ఆపితే బిగువు మునుపటికన్నా ఎక్కువగా తిరగబడుతుంది. లేనివి కనబడటం, లేని మాటలు వినబడటం, తీవ్ర జ్వరం, మూర్ఛలు రావచ్చు. ప్రాణం మీదికీ రావచ్చు. టిజానిడిన్ ఆపితే బీపీ ఒక్కసారిగా ఎగబాకవచ్చు. డయజెపామ్ రకం మందులకూ ఇదే వర్తిస్తుంది. మానాలంటే వారాల తరబడి మెల్లగా తగ్గిస్తూ మానాలి, డాక్టరు చెప్పిన లెక్కన.

ఈ సంగతి మన జిల్లాకు వేరే రూపంలో తెలుసు. కల్లులో డయజెపామ్, అల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపే కల్తీ నిజామాబాద్ ప్రాంతాన్ని ఏళ్ళుగా పట్టి పీడిస్తోంది. 2015లో ఎక్సైజ్ దాడులతో కల్తీ కల్లు దొరకక, దానికి అలవాటు పడినవాళ్ళు చేతులు వణికి, వింతగా ప్రవర్తిస్తూ ఆసుపత్రుల పాలయ్యారు. అలవాటైన మత్తుమందు హఠాత్తుగా ఆగితే మెదడు ఏం చేస్తుందో ఆ రోజుల్లో ఊళ్ళు చూశాయి. బాక్లోఫెన్ కల్తీ లేని మందు, డాక్టరు ఇచ్చిన మందు. అయినా హఠాత్తుగా ఆపితే మెదడు తిరగబడే తీరు అలాంటిదే. కల్లు గురించి ఇంకో మాట కూడా ఇక్కడే. నొప్పి మరవడానికి సాయంత్రం ఒక సీసా తాగి, ఆ మీద బాక్లోఫెన్, గాబాపెంటిన్ మింగితే, సీసాలో ఏముందో తెలియదు కనుక ఊపిరి మందగించేంత మత్తు ఎక్కవచ్చు. రోగికి ఇంట్లో ఎవరూ కల్లు పోయొద్దు. ఎంత గారాబమైనా సరే.

కనీసం పది రోజుల గోలీలు ఇంట్లో మిగిలి ఉండగానే కొత్తవి తెచ్చుకోవాలి. మందు ఆగాక అయోమయం, జ్వరం, మూర్ఛ కనిపిస్తే 108కు ఫోన్ చేసి, ఏ మందు ఎప్పటి నుంచి ఆగిందో మొదటి మాటగా చెప్పాలి.

మూత్రం ఇన్ఫెక్షన్‌కు ఏ మందైనా వాడొచ్చా?

వాడకూడదు. మూత్రంలో మంట అనగానే చేతికి వచ్చేది సిప్రోఫ్లాక్సాసిన్. ఇది టిజానిడిన్‌ను కాలేయం విరగ్గొట్టకుండా అడ్డుకుంటుంది. 2004లో ఫిన్లండ్ పరిశోధకులు ఆరోగ్యవంతులకు రెండూ కలిపి ఇచ్చి చూస్తే రక్తంలో టిజానిడిన్ సుమారు పది రెట్లు పెరిగింది. ఒక గోలి వేస్తే పది గోలీలు వేసినట్టు. బీపీ పడి, మనిషి మంచం మీద నుంచి లేవలేకపోతాడు. ఈ జంట నిషిద్ధమని మందు కాగితంలోనే రాసి ఉంటుంది, కానీ ఆ కాగితం రేకు కత్తిరించి అమ్మే షాపులో రోగి చేతికి రాదు. చూడండి, బిగువు పెరగడానికి ఇన్ఫెక్షన్ కారణం, ఆ ఇన్ఫెక్షన్‌కు ఇచ్చే మందే బిగువు మందుతో కొట్లాడుతుంది. కాబట్టి ఏ ఆర్‌.ఎం.పి. దగ్గరికి, ఏ షాపుకు వెళ్ళినా టిజానిడిన్ వేసుకుంటున్నామని ముందే చెప్పాలి. మూత్రం కల్చర్ పరీక్ష చేయించి, దానికి తగిన వేరే మందు రాయించుకోవచ్చు.

పసుపు పండించే ఊళ్ళో ఉండి పసుపు వాడొద్దా?

కూరలో, పాలలో వేసుకునే పసుపు నిశ్చింతగా వాడొచ్చు. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14న నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది, ఈ పంట మీద మనకున్న అభిమానం న్యాయమైనదే. కానీ పసుపు ఎం.ఎస్.ను తగ్గిస్తుందని, రాత్రి పట్లను ఆపుతుందని రుజువు లేదు. అసలు జాగ్రత్త గుళికల దగ్గర కావాలి. పసుపులోని కుర్కుమిన్ ఒంటికి సరిగా పట్టదని, మిరియాల్లోని పైపరిన్ కలిపితే రక్తంలోకి చేరేది 2000 శాతం పెరుగుతుందని బెంగళూరు సెయింట్ జాన్స్ పరిశోధకులు 1998లో చూపించారు. అప్పటి నుంచి ఆ రెండూ కలిపిన గుళికలు ప్రపంచమంతా అమ్ముతున్నారు. 2019లో ఇటలీలో ఇలాంటివి వాడినవాళ్ళకు వరసగా కామెర్లు రావడంతో అక్కడి ఆరోగ్య శాఖ హెచ్చరిక చేసింది. టిజానిడిన్, ఎం.ఎస్.కు వేసే ఇంటర్‌ఫెరాన్ సూది వంటి మందులు ఇప్పటికే కాలేయం మీద భారం వేస్తున్నప్పుడు దాని మీద ఇంకో బరువు పెట్టడం నాకు ఇష్టం లేదు.

ఇతర ఎం.ఎస్. మందులు రాత్రిని చెడగొడతాయా?

కొన్ని చెడగొడతాయి. ఇంటర్‌ఫెరాన్ బీటా సూది పడిన రాత్రి చలిజ్వరం, ఒళ్ళునొప్పులు వస్తాయి, జ్వరంతో పాటు బిగువూ పెరుగుతుంది. సూది వేసుకునే ముందు పారాసిటమాల్ వేసుకోవడం, మోతాదు మెల్లగా పెంచడం సాయపడతాయి. జబ్బు తిరగబడినప్పుడు మూడు నుంచి ఐదు రోజులు ఎక్కించే మిథైల్‌ప్రెడ్నిసొలోన్ నిద్రను పూర్తిగా ఎగరగొడుతుంది, షుగర్ పెంచుతుంది. పొద్దున్నే ఎక్కించమని అడగాలి. అలసటకు ఇచ్చే అమాంటాడిన్, మొడాఫినిల్ మధ్యాహ్నం తర్వాత వేసుకోకూడదు.

వచ్చే పట్లన్నీ ఒకటేనా?

కావు, ఇది తెలియక తప్పుడు మందు ఏళ్ళ తరబడి పడుతూ ఉంటుంది. పడుకోగానే కాళ్ళలో ఏదో పాకినట్టుండి, కదిపితేనే హాయి అనిపిస్తే అది రెస్ట్‌లెస్ లెగ్స్. ఎం.ఎస్.లో మామూలుకన్నా ఎక్కువ కనిపిస్తుంది. రక్తంలో ఐరన్ నిల్వలు చూపే ఫెరిటిన్ పరీక్ష చేయించాలి, ఆడవాళ్ళకు మరీ ముఖ్యం. పిక్క ఒక్కటే గట్టిగా గడ్డకట్టి, సాగదీస్తే తగ్గేది మామూలు పిక్క పట్టు. ఒక వైపు చెయ్యి, కాలు భరించలేని నొప్పితో కొన్ని సెకన్ల నుంచి రెండు నిమిషాలు మెలిదిరిగి, రోజుకు పదిసార్లయినా వస్తుంటే అవి టానిక్ స్పాజమ్స్. వీటికి బాక్లోఫెన్ కన్నా తక్కువ మోతాదు కార్బమజెపైన్ బాగా పనిచేస్తుంది. దానికి సోడియం తగ్గడం, ఒంటి మీద దద్దుర్లు రావడం అనే చిక్కులున్నాయి. దద్దురు కనిపిస్తే అదే రోజు డాక్టరును చూడాలి.

ఈ టానిక్ స్పాజమ్స్ న్యూరోమైలైటిస్ ఆప్టికా అనే వేరే జబ్బులో మరీ ఎక్కువ. అది ఎం.ఎస్.లాగే కనబడుతుంది, మన దేశంలో రెండింటినీ పొరబడటం తక్కువేమీ కాదు. దాన్ని పట్టిచ్చే ఆక్వాపోరిన్-4 యాంటీబాడీ జాడ 2004లో దొరికింది, ఇప్పుడు రక్త పరీక్ష ఉంది. ఇంటర్‌ఫెరాన్ వంటి కొన్ని ఎం.ఎస్. మందులు ఆ జబ్బును పెంచుతాయి. ఆ పరీక్ష జరగలేదని కాగితాల్లో కనిపిస్తే అడగడానికి వెనకాడకండి.

కాలు బిగుసుకున్న ఆ నిమిషంలో ఏం చేయాలి?

భయంతో కాలిని గట్టిగా లాగొద్దు, మీద కూచుని అదిమొద్దు. ఎంత వేగంగా లాగితే అంత గట్టిగా ఎదురు లాగుతుంది, ఆ కండరం తత్వమే అది. మోకాలి కింద ఒక చెయ్యి, మడమ కింద ఒక చెయ్యి పెట్టి, మోకాలును మెల్లగా మడవండి. వేళ్ళను పట్టుకోకుండా, మడమను అరచేతిలో పెట్టుకుని ముంజేతితో పాదాన్ని మోకాలి వైపు నెమ్మదిగా వంచి, వదిలేదాకా అలాగే ఉంచండి. వదిలాక పక్కకు తిప్పి, మోకాళ్ళు మడిచి, మధ్య ఒక దిండు పెట్టండి. రాత్రంతా వెల్లకిలా కన్నా ఈ పడక మేలు. దుప్పటిని పరుపు కింద దోపకూడదు, పాదాల మీద బరువు పడకూడదు. పడుకునే ముందు పదిహేను నిమిషాలు పిక్క, తొడ వెనక, తొడ లోపలి కండరాలను ఒక్కొక్కటి నిమిషం పాటు మెల్లగా సాగదీస్తే ఆ రాత్రికి ఉపశమనం ఉంటుంది. చేసేది భర్తో, కోడలో, చిన్న కొడుకో అయితే ఒకసారి ఫిజియోథెరపిస్టు దగ్గర చేతులతో నేర్చుకుని రావాలి. ఇది చదివి వచ్చేది కాదు.

ఇవన్నీ చేసినా ఆగకపోతే?

ఒకటి రెండు కండరాలే బాధ పెడుతుంటే వాటిలోకే బొటులినమ్ సూది వేస్తారు, మూడు నెలలకోసారి. రెండు కాళ్ళూ తీవ్రంగా బిగుసుకుని, గోలీల మత్తు తట్టుకోలేనివాళ్ళకు పొట్ట చర్మం కింద పంపు పెట్టి బాక్లోఫెన్‌ను నేరుగా వెన్నుపాము చుట్టూ ఉన్న ద్రవంలోకి పంపుతారు. మందు మెదడుకు పోయేది తక్కువ కనుక మత్తు తక్కువ. షికాగోలో రిచర్డ్ పెన్ 1984లో ఈ పద్ధతిని మొదలుపెట్టాడు. పంపు ఖరీదు లక్షల్లో, నింపడానికి క్రమం తప్పకుండా పెద్ద ఆసుపత్రికి పోవాలి, నింపడం తప్పితే ముందు చెప్పిన ఆపివేత ప్రమాదమే ఇంకా తీవ్రంగా వస్తుంది. ముప్కాల్ నుంచి దీని గురించి ఆలోచించేవాళ్ళు రాకపోకలను కూడా ఖర్చులో కలిపి లెక్కవేయాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం మల్టిపుల్ స్క్లిరోసిస్‌ను పేరు పెట్టి చేర్చింది, కనుక వైకల్య ధ్రువపత్రానికి దరఖాస్తు చేసుకునే హక్కు ఉంది.

"మా ఆయన గల్ఫ్‌ల ఉంటడు, ఆయనకే ఈ బీమారి. గోలీలు ఈడికెల్లి పంపొచ్చా?"

పార్శిల్‌లో పంపొద్దు, స్నేహితుడి సంచీలో అసలే పెట్టొద్దు. క్లోనజెపామ్, డయజెపామ్, గాబాపెంటిన్ జాతికే చెందిన ప్రీగాబాలిన్ మీద గల్ఫ్ దేశాల్లో గట్టి ఆంక్షలున్నాయి. ఇక్కడ చీటీ మీద దొరికే మందు అక్కడ విమానాశ్రయంలో కేసు కావచ్చు. తనే తీసుకెళ్ళాలంటే ఆ దేశపు ఆరోగ్య శాఖ అనుమతి ముందుగా తీసుకోవాలి. డాక్టరు సంతకం, స్టాంపు ఉన్న చీటీ, జబ్బు వివరాల ఉత్తరం ఇంగ్లిషులో ఉండాలి, మందు దాని అసలు పెట్టెలోనే ఉండాలి. వెళ్ళడానికి నెల ముందే డాక్టరుతో మాట్లాడితే, ఆ ఆంక్షలు లేని మందుకు మెల్లగా మార్చే సమయం ఉంటుంది. అక్కడ నలభై అయిదు డిగ్రీల ఎండలో పని ఉంటే, చల్లని చోట పని ఇవ్వమని కంపెనీని అడగడానికి కూడా ఆ ఉత్తరమే పనికొస్తుంది.